గంజి పెట్టిన జీన్సు

ఎమ్మెట్ లాసిటర్ ఆ సోమవారం పొద్దున్నే లాండ్రీ షాపు తలుపు తోసుకుని వచ్చింది అచ్చంగా పోట్లాడడానికే. చేతిలో హ్యాంగరు, హ్యాంగరుకి నీలం జీన్సు వేలాడుతోంది. వేలాడుతోంది అనడం కూడా తప్పే. కలీచీ వెల్స్‌లో గంజి పెట్టి ఇస్త్రీ చేసిన జీన్సు వేలాడదు, అట్టలా నిటారుగా ఉంటుంది. టెక్సస్ పడమటి కొసన ఉన్న ఆ ఊళ్ళో మగాడు వారమంతా పశువుల మధ్య దుమ్ములో పొర్లాడినా ఎవరూ ఏమీ అనరు. శనివారం డాన్సుకి గంజి లేని జీన్సులో వస్తే మాత్రం, వాళ్ళింట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమోనని పరామర్శకి బయల్దేరతారు.

కౌంటర్ వెనక ఎప్పుడూ కూర్చునే ముసలావిడ లేదు. ఎవరో అమ్మాయి ఉంది. ప్రెస్సు మిషను ఆవిరికి ముంగురులు నుదుటికి అంటుకుపోయి ఉన్నాయి.

"ఇదేంటో చూడండి," అంటూ జీన్సు కౌంటరు మీద పడేశాడు. అది టప్పుమంది. "తొడ మీద ఈ గుండ్రటి మచ్చేంటి? ముంతంత మచ్చ! నేనిది వేసుకుని ఎలా తిరగాలి?"

అమ్మాయి జీన్సు వంక చూడలేదు. సొరుగు లాగి, ఇత్తడి వాషరొకటి తీసి, ఠంగుమని కౌంటరు మీద పెట్టింది.

"ఇదేంటో మీరు చెప్పండి."

"...వాషరు."

"దేనిది?"

"నీళ్ళ పంపుది."

"పంపులో ఉండాల్సింది జేబులోకి ఎందుకొచ్చింది?"

ఎమ్మెట్ వాషరుని వేలితో తిప్పి చూశాడు. ఆ కౌంటీలో గాలిమరలు, బోరు పంపులు బాగుచేసేది అతనే. జేబులో ఏముందో అతనికి ఎప్పుడూ తెలియదు.

"మా అమ్మమ్మ ముప్పై ఆరేళ్ళుగా వాడుతున్న ప్రెస్సు అది. దాని మెత్త చిరిగిపోయింది. నిన్నంతా కూర్చుని కుట్టాను," అంటూ సూది పోట్లు పడిన వేళ్ళు చూపించింది. "మీకేమో తొడ మీద మచ్చ పడిందని బాధ! జేబులు తడుముకోవడం మీ ఇంట్లో నేర్పలేదా?"

"నేర్పారు. నేనా రోజు సరిగ్గా వినలేదనుకుంటా."

అమ్మాయి పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడానికే అని అతనికి తెలిసిపోయింది. అది తెలిశాక ఇంక పోట్లాట ఎక్కడిది? క్షమించమన్నాడు. థాంక్స్ చెప్పాడు. బయటికొచ్చి ట్రక్కు స్టార్ట్ చేశాక గాని గుర్తు రాలేదు, ఏ జీన్సు కోసం పోట్లాడడానికి వెళ్ళాడో దాన్ని అక్కడే వదిలేసి వచ్చాడని.

మళ్ళీ వెళ్ళాడు. ఆ అమ్మాయి పేరు ఇనెస్ అని ఆ రెండో రాకలో తెలిసింది. చిన్నప్పుడే తల్లి పోతే అమ్మమ్మ ఎర్లిందా పెంచింది; ఆ పెద్దావిడని ఊరంతా స్పానిష్‌లో గౌరవంగా 'దోన్యా' అంటారు. నాలుగేళ్ళు శాన్ ఆంటోనియోలో చదువూ ఉద్యోగమూ అయ్యాక, అమ్మమ్మ మోకాళ్ళు మొరాయిస్తున్నాయని తిరిగొచ్చేసింది. షాపు ఇప్పుడు ఇద్దరూ చూసుకుంటున్నారు.

ఎమ్మెట్‌కి మొత్తం ఐదు మంచి జీన్సులు. ఇదివరకు ఐదూ కలిపి నెలకోసారి పడేసేవాడు. ఇప్పుడు రోజుకొకటి పట్టుకెళ్ళడం మొదలుపెట్టాడు.

"జేబులు?" అనేది ఇనెస్.

రెండు జేబులూ బయటికి లాగి చూపించేవాడు.

"నోరు కూడా తెరవండి, చూద్దాం. మీరు ఎక్కడ ఏ బోల్టు దాస్తారో నమ్మకం లేదు."

ఎనిమిది నెలలుగా ఆ కౌంటీలో చుక్క వాన లేదు. పశువులు ఎండిపోతున్నాయి, రైతులు పంపుల కోసం ప్రాణాలు తోడేస్తున్నారు. అంత పనిలో కూడా ఎమ్మెట్‌కి లాండ్రీకి వెళ్ళడానికి మాత్రం తీరిక దొరికేది. మనసుంటే మార్గముంటుందని ఊరికే అన్నారా!

మూడు వారాలు అలా గడిచాక ఇంక ఆగలేకపోయాడు. చిన్న కాగితం మీద రాశాడు: 'మీ కళ్ళు వారానికి ఐదు సార్లు చూసినా తనివి తీరడం లేదు. నాతో డాన్సుకి వస్తారా?' మడిచి జీన్సు జేబులో పెట్టాడు. పైన పేరు రాయలేదు. జేబులు వెతికేది ఇనెస్ కదా, రాయడం ఎందుకనుకున్నాడు.

మర్నాడు షాపుకి వెళ్ళేసరికి కౌంటరు వెనక దోన్యా ఎర్లిందా ఉంది. ఆవిడ ముందు ఆ కాగితం ఉంది.

"కూర్చో, అబ్బాయ్. నువ్వు రాసింది చదివాను," అంది కళ్ళజోడు తీస్తూ. "నాకు డెబ్బై రెండు. కుడికంట్లో శుక్లం. ఏం చూసి తనివి తీరడం లేదో నాకైతే అర్థం కాలేదు."

"మీకు కాదు దోన్యా! అయ్యో, మీకు కానే కాదు!"

"అంత గట్టిగా అనక్కర్లేదు."

వెనక ప్రెస్సు దగ్గర ఎవరో గుక్క తిప్పుకోకుండా నవ్వుతున్నారు. ఎమ్మెట్ చెవులు ఎర్రబడ్డాయి.

ముసలావిడ మాత్రం నవ్వలేదు. "ఈ కౌంటీలో మగాళ్ళందరి జీన్సులూ నా చేతి మీదుగానే వెళ్ళాయి," అంది. "ఎవడికి పొట్ట పెరిగిందో, ఎవడు పొగాకు మానేశానని పెళ్ళానికి అబద్ధాలు చెప్తున్నాడో అన్నీ నాకు తెలుసు. తన జీన్సు తను ఇస్త్రీ చేసుకునేవాడు మాత్రం ఒక్కడు కనబడలేదు. నా మనవరాలు ఈ షాపులో ఎంతమందివి చేసినా అది పని. షాపు మూశాక ఇంట్లో ఏ మగాడికీ చెయ్యకూడదు. అందుకని నా షరతు ఒకటే. నీ ఇంట్లో, నీ చేత్తో నువ్వు గంజి పెట్టి ఇస్త్రీ చేసుకున్న జీన్సులో రా. అప్పుడు డాన్సు సంగతి మాట్లాడదాం."

"అంతేనా?" అన్నాడు ఎమ్మెట్.

జీవితంలో అతను తెలియక అన్న మాటల్లో అంత పెద్దది ఇంకొకటి లేదు.

"అంతే. కౌంటీ జాతర ఆఖరి శనివారం దాకా గడువు. ప్రతి సోమవారం వచ్చి చూపించు. ఇంకెవరి చెయ్యి పడ్డా నాకు తెలిసిపోతుంది."

ఇనెస్ అతన్ని గుమ్మం దాకా సాగనంపింది. "ఇందులో నా అభిప్రాయం ఎవరూ అడగలేదు," అంది.

"నేనడుగుతున్నాను."

"డాన్సంటే నాకిష్టమే." అతని మొహంలోకి చూసింది. ఆ చూపుకి ఎమ్మెట్ గుండె ఒక మెట్టు దిగి మళ్ళీ ఎక్కింది. "కానీ ఒకటి చెప్తున్నా. అమ్మమ్మ మాట నేను దాటను. నన్ను పెంచిన చెయ్యి అది. ఆవిడ కాదంటే కాదే. నేర్చుకోండి, బాబూ. తొందరగా నేర్చుకోండి."

*

నేర్చుకోవడం అంటే ఎమ్మెట్‌కి భయం లేదు. అరవై అడుగుల గాలిమర ఎక్కి గాల్లో బోల్టులు బిగించేవాడు. బల్ల మీద పడుకున్న గుడ్డకి భయపడతాడా?

ఆదివారం వంటింటి బల్ల మీద దుప్పటి పరిచాడు. స్నానాల తొట్లో గంజి పోసి జీన్సు ముంచాడు. కంచె తీగ మీద ఆరేశాడు. ఎండా గాలీ కలిసి గంటలో దాన్ని రేకుముక్కలా బిగించేశాయి. అలాగే తెచ్చి బల్ల మీద పెట్టి, ఇస్త్రీ పెట్టెను బాగా కాల్చి రుద్దాడు. పెట్టె అంటుకుపోయింది. బలంగా లాగితే జీన్సు, దుప్పటి, ఉప్పు డబ్బా అన్నీ కలిసి వచ్చాయి.

సోమవారం ముసలావిడ అతని మోకాలి మీద తెల్లగా పొలుసు రాలుతున్న గంజిని గోటితో గీకింది. "ఏంట్రా ఇది? అప్పడాలు వేయించావా?"

రెండో వారం గోధుమరంగులో పెట్టె ఆకారం అచ్చుగుద్దినట్టు పడింది. "బాగుంది, ఏ కంపెనీ పెట్టెదో కూడా తెలుస్తోంది," అంది ఆవిడ.

మూడో వారం కాలి మధ్య నిలువునా ఉండాల్సిన గీత పడింది. పాదం దగ్గర ముందు మొదలై, మోకాలి దగ్గర పక్కకి తిరిగి, నడుము చేరేసరికి జేబులోకి వెళ్ళిపోయింది. "బోరు పైపు కూడా ఇలాగే దింపుతావా నాయనా? అందుకే ఈ కౌంటీలో నీళ్ళు లేవు."

ప్రతి సోమవారం ఇనెస్ ప్రెస్సు వెనకనించి తొంగి చూసేది. మొదటి వారం నవ్వింది. రెండో వారం నవ్వు ఆపుకుంది. మూడో వారం నవ్వలేదు.

అతనితో పాటు పనిచేసే పెద్దాయన ఆర్లిస్ మాత్రం నవ్వడం మానలేదు. గాలిమర మీద ఇద్దరూ ఎదురెదురుగా వేలాడుతూ రెక్క బిగిస్తుండగా అడిగాడు. "నిజంగానే నువ్వు ఇస్త్రీ చేస్తున్నావటగా?"

"చేస్తున్నా."

"ఒక పిల్ల కోసం?"

"అవును."

"ఊళ్ళో ఇంకా పిల్లలున్నార్రా. వాళ్ళ అమ్మమ్మలు మామూలుగా కులాసాగా ఉంటారు."

"ఉంటే ఉండనీ. ఆ పాన ఇటివ్వు."

"నా మాట విను. చేస్తే చేశావు, రెండు గీతలు మాత్రం పడనివ్వకు. పక్కపక్కనే రెండు గీతలు పడితే దాన్ని రైలు పట్టాలంటారు. అలాంటి జీన్సుతో డాన్సుకెళ్ళినవాడు ముసలాడయ్యేదాకా రైలు కూత వింటూనే ఉంటాడు. మా పెదనాన్నని పోయేదాకా 'ఇంజను' అనే పిలిచారు."

ఎమ్మెట్ ఆ మాటని కూడా పాఠంగానే తీసుకున్నాడు. నాలుగో వారం నించి తీరు మార్చాడు. ఆరిన జీన్సు మీద నీళ్ళు చిలకరించి, చాపలా చుట్టి, ఒక రాత్రంతా ఫ్రిజ్‌లో వెన్న పక్కన ఉంచాడు. పొద్దున్నే తీసి, లోపలి కుట్టూ బయటి కుట్టూ ఒకదాని మీద ఒకటి వచ్చేలా సర్దాడు. పెట్టెను రుద్దకుండా, ఆనించి, లెక్కపెట్టి, ఎత్తాడు. ఇవన్నీ ఎవరూ చెప్పలేదు. చేతులు కాల్చుకుంటే అవే తెలిశాయి.

ఆ సోమవారం దోన్యా ఎర్లిందా వెక్కిరించలేదు. కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ముందువైపు ఫరవాలేదు. వెనక్కి తిరుగు," అంది. వెనక గీతే లేదు. "మనిషికి వెనక కూడా ఉంటుంది, అబ్బాయ్. వచ్చే శనివారమే ఆఖరు."

అప్పటికి ఐదు జీన్సుల్లో రెండు మాడిపోయాయి, రెండు పనికి తొడుక్కుంటే చినిగిపోయాయి. మిగిలింది ఒక్కటే.

*

గురువారం మధ్యాహ్నం భోజనానికని ఇంటికొస్తే గుమ్మం ముందు షాపు వ్యాను ఉంది. వంటింట్లో ఇనెస్ ఉంది. ఆ ఊళ్ళో ఎవరూ ఇంటికి తాళం వెయ్యరు.

బల్ల పక్కన ఆ మిగిలిన ఒక్క జీన్సు తన కాళ్ళ మీద తానే నిలబడి ఉంది. గీత చూస్తే కత్తి అంచులా ఉంది. వెనక కూడా.

"నువ్వు చేశావా?" అన్నాడు. 'మీరు' అనడం మర్చిపోయాడు.

"నేనే. ఇంక రెండ్రోజులే ఉంది. నువ్వు మళ్ళీ ఏదో ఒకటి మాడ్చేస్తావు, ఆవిడ మళ్ళీ కాదంటుంది, నేను ఆవిడ మాట దాటలేను," అంది గబగబా. ఆ అమ్మాయి కూడా 'మీరు' మర్చిపోయింది. "తొడుక్కుని రేపు వచ్చి చూపించు. ఆవిడకి ఒక కన్ను సరిగ్గా కనబడదు."

"తప్పు కదూ?"

"తప్పే. నాతో డాన్సు చెయ్యాలని ఉందా లేదా?"

ఎమ్మెట్ జీన్సు వంక చూశాడు, అమ్మాయి వంక చూశాడు. అలాంటప్పుడు మగవాడికి ఏది తప్పో ఏది ఒప్పో తేలడం కష్టం.

శుక్రవారం పొద్దున్న షాపులోకి నడిస్తే జీన్సు కరకరలాడింది. దోన్యా ఎర్లిందా కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. మోకాలి మీంచి తొడ దాకా గీత వెంట వేలు పోనిచ్చింది.

"ఇనెస్ ఎడంచేతి వాటం," అంది మెల్లగా. "గీత పైకెళ్ళే కొద్దీ వెంట్రుకవాసి ఎడమకి ఒరుగుతుంది. దానికి ఏడేళ్ళప్పుడు స్టూలు వేసి నేనే నేర్పాను. నాకు తెలియదా?"

కేకలేస్తుందనుకున్నాడు. ఆవిడ కుర్చీలో కూలబడింది.

"అమ్మమ్మా, తప్పు నాది," అంటూ ఇనెస్ పరుగున వచ్చింది. "అతనడగలేదు. నేనే వెళ్ళి చేశాను."

"అదేనే నా భయం. అడక్కుండానే చేశావు." ముసలావిడ మనవరాలి చెయ్యి పట్టుకుంది. "మీ తాతయ్య ఫిదెన్సియో మంచివాడే. నన్ను ఒక్కనాడు పల్లెత్తు మాటనలేదు. నలభై ఒక్క ఏళ్ళు ఆయన జీన్సు నేనే చేశాను. జ్వరమొస్తే కుర్చీలో కూర్చుని చేశాను. మీ అమ్మ పుట్టిన పొద్దున కూడా నొప్పులు పడుతూ చేశాను. ఆయన ఎప్పుడూ చెయ్యమని అడగలేదు. అడగాల్సిన అవసరమే నేను రానివ్వలేదు. చిన్నపిల్లవి, నిన్ను అలా అవనివ్వకూడదనుకున్నాను. డాన్సుకి ఒక్కసారి కూడా వెళ్ళకముందే నువ్వు అప్పుడే మొదలుపెట్టేశావు."

ఎమ్మెట్‌కి ఆ క్షణంలో నేల చీలి లోపలికి పోవాలనిపించింది. ఒంటి మీదున్న ఆ చక్కటి జీన్సు తెచ్చినంత సిగ్గు ఇదివరకు ఏ మాడిన జీన్సూ తేలేదు.

"దోన్యా, రేపటిదాకా గడువుంది కదా?" అన్నాడు.

"ఉంది. ఏం చేస్తావు?"

"నా పని నేను చేసుకొస్తాను."

ఇనెస్ కళ్ళు తుడుచుకుంటూ, "రేపు నువ్వు రాకపోతే," అని మొదలుపెట్టింది.

"వస్తాను."

*

ఆ సాయంత్రమే ఇనెస్ పెట్టిన గంజంతా పోయేదాకా మూడుసార్లు వేడినీళ్ళలో జీన్సు ఉతికాడు. గంజి పోయింది గాని గీత పోలేదు. లేత నీలం దారంలా పాదం నించి తొడ దాకా అలాగే ఉంది. ఆ పిల్ల పట్టుదల అలాంటిది మరి.

శనివారం పొద్దున్న తన గంజి పెట్టి, ఆరేసి, చిలకరించి, చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం తీసి బల్ల మీద పరిచాడు. పెట్టె వేడెక్కింది. అప్పుడు వచ్చింది చిక్కు.

ఆ పాత గీత మీదే పెట్టె నడిపిస్తే చాలు. గీత తిన్నగా ఉంటుంది, ఒక్కటే ఉంటుంది, ఊరు నవ్వదు. కానీ అలా చేస్తే అది మళ్ళీ ఇనెస్ గీతే అవుతుంది. తన కుట్లు తాను సర్దుకుని తన గీత తాను వేసుకుంటే పక్కపక్కనే రెండు పడతాయి. రైలు పట్టాలు! కౌంటీ మొత్తం జాతరలోనే ఉంటుంది.

ఎమ్మెట్ పెట్టె పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆర్లిస్ పెదనాన్న గుర్తొచ్చాడు. తర్వాత జ్వరంతో కుర్చీలో కూర్చుని ఇస్త్రీ చేసిన ముసలావిడ గుర్తొచ్చింది. లోపలి కుట్టూ బయటి కుట్టూ కలిపి, పాత గీత వైపు చూడకుండా, తన లెక్క ప్రకారం పెట్టె ఆనించాడు. ముందు రెండు, వెనక రెండు. నాలుగు గీతలూ సొంతంగా వేసుకున్నాడు.

చివరి గీత పూర్తయి పెట్టె ఎత్తేసరికి రేకు కప్పు మీద ఏదో టపటపలాడింది. వడగళ్ళేమో అనుకున్నాడు. కాదు, వాన. ఎనిమిది నెలలుగా మొహం చాటేసిన వాన సరిగ్గా ఇవాళే చుట్టపుచూపుగా వచ్చింది. గంజి జీన్సుకి వాన తగిలితే ఇంకేముంది, జావే!

పాత లాగూ ఒకటి తగిలించుకుని, జీన్సుని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ట్రక్కులో పక్క సీట్లో కూర్చోబెట్టాడు. అది బుద్ధిగా మోకాళ్ళు మడవకుండా కూర్చుంది. బెల్టు కూడా పెట్టాడు. దారి పొడుగునా జనం ఇళ్ళలోంచి బయటికొచ్చి వానలో నిలబడి చేతులు చాస్తున్నారు. ఆ హడావుడిలో లాగూలో వెళ్తున్న పంపుల మెకానిక్కుని, అతని పక్కన బెల్టు పెట్టుకుని కూర్చున్న కాళ్ళని ఎవరూ పట్టించుకోలేదు.

షాపు వెనక గుమ్మంలోంచి దూరి, హ్యాంగర్ల చాటున జీన్సు తొడుక్కున్నాడు. కాళ్ళు దూర్చుతుంటే అతుక్కున్న గుడ్డ చిరచిరమంది. అలా కరకరలాడుతూ వచ్చి దోన్యా ఎర్లిందా ముందు నిలబడ్డాడు.

ఇనెస్ చూసింది. డాన్సుకని ఎర్ర గౌను వేసుకుని ఉంది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"రెండు గీతలు! ఎమ్మెట్, నా గీత అక్కడే ఉందిగా, దాని మీదే వెయ్యచ్చుగా! ఊరంతా నవ్వుతారు!"

"వెయ్యచ్చు. వేస్తే అది నీ పనే అయ్యేది."

"తెలిసే చేశావా?"

"తెలిసే చేశాను. నువ్వు మళ్ళీ నా కోసం వంగి ఇస్త్రీ చెయ్యక్కర్లేదు ఇనెస్. ఊరు నవ్వితే నవ్వనీ. నేను నిన్ను ప్రేమిస్తున్నాను, దానికి ఇది నా వంతు పని."

ముసలావిడ మోకాళ్ళు పట్టుకుని లేచింది. కళ్ళజోడు పెట్టుకుని వంగి, రెండు గీతల మీదా రెండు వేళ్ళు పెట్టింది.

"ఇది దానిది. ఇది..." అని మోకాలి దగ్గర ఆగింది. "ఇక్కడ వంకర. ఇక్కడ ఇంకో వంకర. వెనక్కి తిరుగు. వెనకా వేశావే! వెనకా వంకరే. ఇంత వంకరగా ఈ కౌంటీలో ఇంకెవరూ చెయ్యలేరు. నీదే."

"నాదే, దోన్యా."

ఆవిడ నిటారుగా నిలబడి కళ్ళజోడు తీసింది. కళ్ళు తడిగా ఉన్నాయి. "ముప్పై ఆరేళ్ళుగా ఈ కౌంటరు వెనక నిలబడి ఉన్నాను. తను చేసుకున్న జీన్సు వేసుకుని నా ముందుకి ఒక్క మగాడు రాలేదు. అలాంటివాడు ఉండడేమో అనుకున్నాను. అందుకే అంత షరతు పెట్టాను. వెళ్ళండి, వెళ్ళి డాన్సు చేసుకోండి." గొంతు సవరించుకుని మళ్ళీ మామూలు మనిషైపోయింది. "పెళ్ళికి మాత్రం ఒక్కటే గీత ఉండాలి. ఫొటోలు తీస్తారు."

"అమ్మమ్మా! ఎవరి పెళ్ళి? ఇతను నన్నింకా అడగనైనా లేదు!"

"అడుగుతున్నాను," అన్నాడు ఎమ్మెట్.

"ఇప్పుడా? ఇస్త్రీ వాసన కొడుతూనా?"

"ఇప్పుడే. ఇంకోసారి ఇంత ధైర్యం రాదు."

ఇనెస్ అతని కాళ్ళ వంక చూసింది, ఆ రెండు గీతల వంక చూసింది. అతను ఒళ్ళంతా చెవులై ఉన్నాడు. "సరే. చేసుకుంటాను," అంది. "మొదటి రోజు నేను కౌంటరు మీద వాషరు పెట్టినప్పుడే నువ్వు నాకు నచ్చావు. అది నేను ఒప్పుకునేలోపే నా ఎడంచెయ్యి నీ జీన్సు ఇస్త్రీ చేసి చెప్పేసింది." ఏడుపూ నవ్వూ కలిసొచ్చి ఆపైన మాట రాలేదు.

ఎమ్మెట్ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని తలుపు తెరిచాడు. ఎదురుగా వాన గోడ కట్టినట్టు కురుస్తోంది. డాన్సు హాలు వీధికి ఆ చివర ఉంది. ట్రక్కేమో వెనక సందులో ఉంది.

"ఆగరా! ఐదు వారాల కష్టం!" అని ముసలావిడ వెనకనించి అరిచింది. "గంజంతా కరిగిపోతుంది!"

"కరిగిపోతే పోనీండి దోన్యా," అని ఎమ్మెట్ వానలోకి దిగుతూ వెనక్కి తిరిగి నవ్వాడు. "నాకు పెట్టుకోవడం వచ్చుగా."